లెక్క అప్పగించిన ఆచార్యుడు

ఈ శతవార్షిక సంచికలో తక్కిన పెద్దలు మన డయోసీసుకు పునాదులు వేసిన మిషనరీలను గూర్చి, తొలి ఉపదేశులను గూర్చి, ఊరూరా నడిచి వాక్యం చెప్పిన బైబిలు స్త్రీలను గూర్చి వ్రాస్తున్నారు. అవి వ్రాయవలసిన సంగతులే. నేను మాత్రం మన డయోసీసులో ఒక్కనాడూ పనిచేయని, తెలుగువారు కాని, గురుపట్టం పొందని ఒక అర్థశాస్త్ర ఆచార్యుని గూర్చి వ్రాయబూనుకున్నాను. ఆయన పేరు జోసెఫ్ చెల్లదురై కుమారప్ప. మన సంఘాల్లో నూటికి తొంభైమంది ఈ పేరు విని ఉండరు. విననందుకు తప్పు వారిది కాదు. వేదపీఠం మీదినుండి ఆ పేరు పలికిన కాపరులం మాలో ఎందరమని లెక్కవేసుకుంటే సిగ్గుపడవలసి వస్తుంది.

నేనైనా ఆయనను వెదకి పట్టుకున్నవాడను కాను. వేదాంత కళాశాలలో రెండవ సంవత్సరం చదువుతుండగా, గ్రంథాలయంలో సువార్తల వ్యాఖ్యానాల బీరువాలో ఒక మూలగా ఒక పలుచని ఇంగ్లీషు పుస్తకం కనబడింది. యేసు ఆచరణను, ఉపదేశాలను గూర్చిన పుస్తకమది. రచయిత పేరుకు ముందు రెవరెండు లేదు. లోపల పరలోక ప్రార్థనను ఒక్కొక్క మాటగా విప్పి చెప్పారు. అనుదినాహారం అనే మాట దగ్గరకు వచ్చేసరికి ఆ ఆహారం ఎవరు పండించారు, ఎవరి నోటినుండి లాగి తెచ్చారు అన్న విచారణ మొదలైంది. మేము అప్పటివరకు చదివిన వ్యాఖ్యానాల్లో ఆ మాటకు గ్రీకు మూలం ఏమిటన్న చర్చ ఉండేది గాని, గోధుమ గింజ ఏ దారిన వచ్చిందన్న చర్చ ఉండేది కాదు. ఎవరీ మనిషి అని వెనుక అట్ట తిప్పి చూచాను. ఆడిటరు, అర్థశాస్త్రవేత్త, జబల్పూరు జైలులో కూర్చుండి వ్రాశాడు అని తెలిసింది.

కుమారప్ప గారు 1892 జనవరి 4వ తేదీన తంజావూరులో క్రైస్తవ కుటుంబంలో జన్మించారు. తండ్రి సోలొమోన్ దొరైస్వామి కొర్నేలియస్ పబ్లిక్ వర్క్స్ శాఖలో ఉద్యోగి. తల్లి పేరు ఎస్తేరు. బిడ్డలందరికీ మంచి చదువులు చెప్పించిన ఇల్లు అది. అన్నగారైన జె.ఎం. కుమారప్ప తరువాతి కాలంలో బొంబాయిలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థకు డైరెక్టరు అయ్యారు. తమ్ముడు భరతన్ కుమారప్ప కూడ పండితుడే. మన కథానాయకుడు లండను వెళ్లి లెక్కల తనిఖీ వృత్తిలో పట్టా తీసుకుని, అక్కడే కొంతకాలం పనిచేసి, 1919లో తిరిగి వచ్చి బొంబాయిలో ఆడిటరుగా స్థిరపడ్డారు. అప్పటికి ఆయన జోసెఫ్ కొర్నేలియస్. సూటు, బూటు, చేతిలో బెత్తం కర్ర, నిక్కచ్చి ఇంగ్లీషు అలవాట్లు. ఇంకొక పదేళ్లు అలాగే గడిచిపోయి ఉంటే బొంబాయిలో ఒక ధనవంతుడైన ఆడిటరు అయ్యేవారు. ఈ వ్యాసం ఉండేది కాదు.

1927లో అమెరికా వెళ్లారు. సిరక్యూస్ విశ్వవిద్యాలయంలో వ్యాపార నిర్వహణలో పట్టా తీసుకుని, ఆపైన న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ప్రభుత్వ ఆదాయవ్యయాల శాస్త్రంలో చేరారు. అక్కడి గురువు ఎడ్విన్ సెలిగ్మన్, ఆ శాస్త్రంలో ఆ రోజుల్లో పెద్ద పేరు. ఒకనాడు కుమారప్ప గారు ఒక చర్చిలో భారతదేశం ఎందుకు పేదగా ఉన్నదన్న విషయం మీద ఉపన్యసించారు. ఆ వార్త పత్రికలో పడగా సెలిగ్మన్ గారు చదివి, ఇదే విషయాన్ని పరిశోధనాంశంగా తీసుకొమ్మని శిష్యునికి చెప్పారు. ఒక చర్చిలో ఇచ్చిన ప్రసంగం మనిషి బ్రతుకు దారినే మళ్లించిందన్న మాట. మనం ఆదివారం ఆదివారం ఇచ్చే ప్రసంగాలు ఎవరి దారి మళ్లిస్తున్నవో, అసలు మళ్లిస్తున్నవో లేదో!

ఆ పరిశోధన సారాంశం కష్టమైనదేమీ కాదు. ప్రభుత్వం పన్ను వసూలు చేస్తుంది. సూర్యుడు నేలమీది తడిని పీల్చి వానగా తిరిగి ఇచ్చినట్లు, పన్ను ఇచ్చిన ప్రజలకు అది కాలువలుగా, బడులుగా, ఆస్పత్రులుగా తిరిగి రావాలి. ఇండియాలో ఏమవుతున్నది? పన్నులో పెద్ద భాగం రైతు, కూలి, ఉప్పు కొనుక్కునే పేదవాడు ఇస్తున్నారు. ఖర్చులో పెద్ద భాగం సైన్యానికి, పెద్ద ఉద్యోగుల జీతాలకు, ఇంగ్లండుకు కట్టే వడ్డీలకు పోతున్నది. మేఘం ఇక్కడి నీటిని పీల్చి సముద్రానికి ఆవల కురుస్తున్నది. ఇది ఆయన ఆవేశంతో చెప్పిన మాట కాదు. ప్రభుత్వం వారు అచ్చువేసిన బడ్జెటు అంకెలను తీసుకుని, ఆడిటరు కంపెనీ పుస్తకాలు చూచినట్లు చూచి తేల్చిన మాట. ఈ అంకెలతో పోరాడుతూ ఉండగానే ఆయనలోని పాత కొర్నేలియస్ మెల్లగా మారిపోయాడు. పూర్వీకుల పేరైన కుమారప్పను మరల ధరించారు. పేరు మార్చుకున్నారు గాని ప్రభువును మార్చుకోలేదు. ఈ సంగతి కొందరికి అప్పుడూ అర్థం కాలేదు.

1929లో స్వదేశం వచ్చాక, తన పరిశోధనను అచ్చువేయించాలని ప్రయత్నిస్తూ ఆ వ్రాతప్రతిని గాంధీజీకి అందజేశారు. సబర్మతి ఆశ్రమానికి మే 9వ తేదీన మధ్యాహ్నం రెండున్నరకు రమ్మని కబురు వచ్చింది. ఆయనకిచ్చిన గదిలో ఒక నులక మంచం తప్ప సామాను లేదు. ఆ రాత్రికే వెళ్లిపోదామనిపించిందట. సమయానికి ముందే బయలుదేరి, బెత్తం కర్ర పట్టుకుని నడుస్తూ, ఒక చెట్టు క్రింద పేడతో అలికిన నేలమీద కూర్చుండి రాట్నం వడుకుతున్న ఒక ముసలాయనను చూచారు. ఇంకా కొన్ని నిమిషాల వ్యవధి ఉన్నదని కర్రమీద ఆనుకుని ఆ వడకడాన్నే చూస్తూ నిలుచున్నారు. కొంతసేపటికి ఆ ముసలాయన పళ్లులేని నోటితో నవ్వి పలకరించారు. అప్పుడు తెలిసింది ఆయనే గాంధీ అని. ఇస్త్రీ మడతలు చూచుకోకుండా కుమారప్ప గారు సూటుతోనే ఆ అలికిన నేలమీద చతికిలబడ్డారు. ఎవరో కుర్చీ తెచ్చినా లేవలేదు.

ఆ పరిశోధనను గాంధీజీ తన యంగ్ ఇండియా పత్రికలో వరుసగా ప్రచురించి, ఒక పని అప్పగించారు. గుజరాతులోని ఖేడా జిల్లాలో మాతర్ తాలూకా పల్లెల ఆర్థిక పరిస్థితిని పరిశీలించాలి. సహాయానికి గుజరాత్ విద్యాపీఠ్ విద్యార్థులు వస్తారు. ఈ విద్యాపీఠం 1920లో అహ్మదాబాదులో నెలకొల్పిన జాతీయ విశ్వవిద్యాలయం. ఆ రోజుల్లో దానికి ప్రభుత్వపు డబ్బు అంటేది కాదు, ప్రభుత్వం దాని పట్టాలను గుర్తించేది కాదు. కొలంబియాలో చదివిన మనిషి అక్కడ అర్థశాస్త్ర ఆచార్యుడుగా చేరారు. ఆయనకు గుజరాతీ ఒక్క ముక్క రాదు. భాష రానివాడు పల్లెలో ఏమి అడుగుతాడు, ఏమి తెలుసుకుంటాడు అన్న సందేహం విద్యాపీఠంలో పెద్దలకే కలిగింది. సహజమే. అయితే అడిగేవారు విద్యార్థులు, ఏమి అడగాలో నేర్పేవారు ఆచార్యుడు. ఆ రీతిగా పని జరిగింది.

పల్లెలకు వెళ్లి లెక్కలు తీయడం విశ్వవిద్యాలయాలకు పూర్తిగా క్రొత్త కాదు. మద్రాసు విశ్వవిద్యాలయంలో గిల్బర్ట్ స్లేటర్ అనే ఆంగ్ల ఆచార్యుడు తన విద్యార్థులను వారి వారి స్వగ్రామాలకు పంపి వివరాలు వ్రాయించి 1918లోనే పుస్తకంగా వేశారు. కాని స్లేటర్ గారి పని తెలుసుకోవడం కొరకు. కుమారప్ప గారి పని తెలుసుకుని అడగడం కొరకు. మాతర్ తాలూకాలో 54 గ్రామాలు తిరిగారు. రైతుకు ఎంత భూమి, ఎన్ని పశువులు, ఏ పంట ఎంత, విత్తనానికి ఎంత, ఎద్దుకు ఎంత, అప్పు ఎంత, వడ్డీ ఎంత, ఇంట్లో తిండికి ఎంత, సర్కారు శిస్తు ఎంత అని ఒక్కొక్కటిగా వ్రాసుకున్నారు. రైతు ఇంటి జమాఖర్చును ఒక వ్యాపార సంస్థ జమాఖర్చువలె చదివారు. కుటుంబమంతా ఏడాది పొడుగునా చేసే చాకిరీకి కూలి కట్టి చూస్తే సేద్యంలో మిగులు ఎక్కడున్నది? మిగులు లేనిచోట శిస్తు దేనిలోనుండి వస్తున్నది? అప్పులోనుండి, పస్తులోనుండి. 1931లో వెలువడిన ఆ నివేదికలో విసుగు పుట్టించే పట్టికలెన్నో ఉన్నవి. వాటిని చదువుతుంటే ప్రవక్తల గ్రంథాలు గుర్తుకు వస్తున్నవి నాకు. బీదవానిని నలగగొట్టేవారి మీద ఆమోసు గర్జించాడు. ఈయన గర్జించలేదు, పట్టికలు వేశారు.

ఆ పరిశీలన సాగిన రోజుల వెన్నంటే, 1930 మార్చిలో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. ఆచార్యుడు పత్రికా సంపాదకుడయ్యారు, ఆపైన ఖైదీ అయ్యారు. ఇక్కడ మన సంఘ చరిత్రకు సంబంధించిన ఒక ఘట్టం ఉన్నది. అప్పటి ఇండియా మెట్రోపాలిటన్, కలకత్తా బిషప్ ఫాస్ వెస్ట్‌కాట్ గారు. గ్రీకు క్రొత్త నిబంధన మూలపాఠాన్ని పరిష్కరించిన పండితుడు వెస్ట్‌కాట్ పేరు వేదాంత విద్యార్థులందరూ వింటారు గదా, ఆయన కుమారుడే. సహాయ నిరాకరణ, శాసనోల్లంఘన క్రైస్తవునికి తగదని మెట్రోపాలిటన్ గారి మతం. కుమారప్ప గారు ఆయనకు బహిరంగంగా లేఖ వ్రాశారు. లాఠీ దెబ్బలు తింటూ తిరిగి కొట్టని వారిని చూచి సంఘం మౌనంగా ఉండడమేమిటి, కొండమీది ప్రసంగం మరి దేనికి అన్నది ఆ వాదం. ఉత్తర ప్రత్యుత్తరాలు జరిగినవి. ఎవరూ ఎవరిని ఒప్పించలేదు. బిషప్ గారి తరఫున కూడ ఒక మాట చెప్పాలి. ప్రభుత్వ సంస్థలతో, బడులతో, ఆస్పత్రులతో ముడిపడియున్న సంఘాన్ని నడిపించే మనిషికి ఉండే భయాలు బయటివారికి తెలియవు. నేను చిన్న పాస్టరేటు నడుపుతున్నాను, ఆ భయాలు నాకూ తెలుసు. అయినా తొంభై ఏండ్లు దాటిన తరువాత ఆ వాదాన్ని చదివినప్పుడు, సువార్త ఎవరి పక్షాన నిలబడిందో కనిపెట్టడం కష్టం కాదు.

మన తెలుగు సంఘాలకు చిరపరిచితులైన దోర్నకల్ బిషప్ అజరయ్య గారిని ఈ సందర్భంలో తలచుకోకుండా ఉండలేను. ఆయన కూడ తమిళ దేశస్థుడే, తిరునల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టి, 1912లో ఇండియాలో తొలి దేశీయ ఆంగ్లికన్ బిషప్పుగా అభిషేకం పొందారు. తెలుగు నేర్చుకుని తెలుగు మాల మాదిగ పల్లెల్లో జీవితం ధారపోశారు. క్రైస్తవుడు ఇయ్యవలసిన తీరును గూర్చి ఒక పుస్తకమే వ్రాశారు. కుమారప్ప గారు గాంధీజీ మనిషి. అజరయ్య గారికి మతాంతరం విషయంలో గాంధీజీతో గట్టి భేదమే ఉండేది. ఇద్దరి దారులు వేరు. కాని పేదవాని చేతిలోని కానుకను ఒకరు పవిత్రమైనదిగా ఎంచితే, పేదవాని చేతిలోనుండి పోయే పన్నును రెండవవారు అంత పవిత్రమైనదిగా ఎంచారు. మన సంఘం మొదటి పాఠం బాగా నేర్చుకుంది. రెండవ పాఠం తెరవనే లేదు.

1934 జనవరి 15న బీహారులో మహా భూకంపం వచ్చింది. దేశం నలుమూలలనుండి విరాళాలు వచ్చిపడ్డవి. రాజేంద్రప్రసాద్ గారి ఆధ్వర్యంలో సహాయ సంఘం ఏర్పడగా, ఆ డబ్బు లెక్క చూచే పని కుమారప్ప గారి మీద పడింది. సేవకులుగా వచ్చినవారికి దినానికి మూడణాలు భోజన ఖర్చు అని కట్టడి చేశారు. అంతలో గాంధీజీ తన పరివారంతో బీహారు పర్యటనకు వచ్చారు. పండ్లు, మేకపాలు, కార్లు, పెట్రోలు, కార్యదర్శులు, అన్నిటికీ ఖర్చే. కుమారప్ప గారు మహాదేవ్ దేశాయి గారిని పిలిచి, మీ బృందం భోజనానికి గాని మోటారు ఖర్చుకు గాని సహాయనిధినుండి దమ్మిడీ ఇయ్యలేను, వేరే ఏర్పాటు చూచుకొమ్మని చెప్పారు. ఇచ్చినవారు భూకంప బాధితులకని ఇచ్చారు గనుక అది ఇంకెవరికీ చెందదన్నది ఆయన లెక్క. గాంధీజీ నొచ్చుకోలేదు, లెక్క సరియైనదే అన్నారు.

ఈ కథ చదివిన తరువాత నాకు ఒక పాత సంగతి తట్టింది. నేను కాపరిగా పనిచేసిన ఒక పాస్టరేటులో కొన్ని ఏండ్లుగా వార్షిక లెక్కలు సంఘం ఎదుట చదవలేదు. నేను చదివించాను. చదివించిన మాట నిజమే గాని, ధైర్యంతో కాదు, మూడవ సంవత్సరంలో. వచ్చిన ఆదాయంలో పెద్ద మొత్తం గుప్పెడు బియ్యం కానుకలు, కూలి చేసుకునే తల్లులు కవరులో పెట్టే పది రూపాయలు. ఖర్చులో పెద్ద మొత్తం ప్రహరీ గోడ, అతిథుల విందులు, కారు బాడుగలు. దొంగతనం ఏదీ లేదు, రసీదులన్నీ ఉన్నవి. కాని ఇచ్చినది ఎవరు, తిన్నది ఎవరు అని రెండు గీతలు గీసి చూచుకుంటే ఆ కాగితం చేతిలో బరువెక్కింది. ఒక విధవరాలు లేచి, అయ్యగారూ, మా వీధి బోరింగు సంగతి ఆ లెక్కలో ఉందా అని అడిగింది. లేదు. కోశాధికారి గారు నన్ను ఆ తరువాత కొన్ని నెలలు పలుకరించలేదు. ఈ శతవార్షిక మహోత్సవాల ఖర్చు పుస్తకం కూడ ఒకనాడు చదవవలసి వస్తుందని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

1934 డిసెంబరులో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం ఏర్పడింది. వార్ధాలో జమ్నాలాల్ బజాజ్ గారు ఇచ్చిన తోటలో, మగన్‌వాడి అనే పేరుతో దాని కేంద్రం వెలసింది. కుమారప్ప గారు దాని కార్యదర్శి. రవీంద్రనాథ ఠాకూరు, సి.వి. రామన్ మొదలైనవారితో పాటు అలహాబాదులో వ్యవసాయ కళాశాల నడిపిన మిషనరీ సామ్ హిగిన్‌బాటమ్ కూడ ఆ సంఘానికి సలహాదారులు. అక్కడ జరిగిన పనులు వింటే నవ్వేవారు ఈనాటికీ ఉన్నారు. దంపుడు బియ్యం, ఎద్దు గానుగ నూనె, తాటిబెల్లం, చేతి కాగితం, తేనెటీగలు, సబ్బు, కిరసనాయిలు అక్కరలేకుండా గానుగ నూనెతో వెలిగే మగన్ దీపం. ఆచార్యుడు తానే ఒక దుస్తు కనిపెట్టుకున్నారు. ధోవతికి, పైజామాకు మధ్యరకంగా ఉండే దానిని ధోతీజామా అన్నారు. ధోవతి కంటే తక్కువ గుడ్డతో సరిపోతుంది. లండను దర్జీల సూట్లు తొడిగిన మనిషి! పెండ్లి చేసుకోలేదు, ఆస్తి కూడబెట్టలేదు.

దంపుడు బియ్యం సంగతి నాకు నవ్వులాట కాదు. మా నాయనమ్మ రోకలి పోటుతో బిడ్డలను పెంచిన మనిషి. పెద్ద రైతుల ఇండ్లలో వడ్లు దంపేది. కూలిగా నూకలు, తవుడు దక్కేవి. ఆ నూకల్లోనుండే ఒక గుప్పెడు ఆదివారపు కానుక డబ్బాలో పడేది. మా ఊరి ప్రక్కన మిల్లు వచ్చిన ఏడు ఆ కూలి పోయింది. మిల్లు బియ్యం తెల్లగా ఉన్నవని రైతులు మెచ్చుకున్నారు. దంపుడు కూలి పోయిన ఆడవాళ్లు ఎంతమంది, వారి పిల్లలు ఏమి తిన్నారు అని మా ఊళ్లో లెక్క తీసినవారెవరూ లేరు. ఆ లెక్క మగన్‌వాడిలో ఒక మనిషి తీస్తున్నాడని ఆమెకు తెలిసే దారి లేదు. బియ్యపు పైపొర పోతే బలం పోతుందని, మిల్లు లాభం ఒకచోట పోగుపడితే దంపుడు కూలి వంద ఇండ్లకు పంచబడుతుందని ఆయన వాదం. ఆ రెండు మాటలూ ఒకే వాక్యంలో చెప్పిన అర్థశాస్త్రవేత్త ఆయనొక్కడే నాకు కనబడ్డాడు.

అయితే ఆయన చెప్పినదంతా వేదవాక్యమని నేననను. రోకలి పోటు ఎంత నడుము నొప్పో మా నాయనమ్మకు తెలుసు, ఆచార్యునికి తెలియదు. మిల్లు వచ్చినందుకు ఆమె ఏడ్చింది కూలి పోయినందుకే గాని, రోకలి పోయినందుకు కాదు. యంత్రం మీద ఆయన కోపం కొన్నిచోట్ల హద్దు దాటింది. స్వభావం కూడ ముక్కుసూటి, కోపిష్ఠి. సహచరులు నొచ్చుకున్న సందర్భాలు ఉన్నవి. 1938లో నెహ్రూ గారి అధ్యక్షతన ఏర్పడిన జాతీయ ప్రణాళికా సంఘంలో సభ్యుడుగా చేరి, కొద్ది సమావేశాలకే బయటకు వచ్చేశారు. అక్కడే కూర్చుండి వాదించి ఉంటే కొంతైనా మేలు జరిగేదేమో అని నాకనిపిస్తుంది.

యుద్ధకాలంలో ప్రభుత్వం కాగితపు నోట్లు అచ్చువేసి పల్లెల ధాన్యాన్ని, పశువులను కొనుక్కుపోతుంటే, రొట్టె అడిగిన బిడ్డకు రాయి ఇచ్చే తండ్రిని గూర్చి ప్రభువు అడిగిన ప్రశ్నను శీర్షికగా పెట్టి వ్యాసం వ్రాశారు. రైతు చేతికి వచ్చినది తినడానికి పనికిరాని కాగితం, పోయినది గింజ. ఆ వాదనకు అర్థశాస్త్రపు పరిభాష అక్కరలేదు, ఏ సంఘస్థునికైనా అర్థమవుతుంది. క్విట్ ఇండియా రోజుల్లో జైలుకు పోయి 1945 వరకు జబల్పూరులో ఉన్నారు. ఆ జైలులోనే, నేను మొదట చెప్పిన యేసును గూర్చిన పుస్తకం, శాశ్వత అర్థవ్యవస్థను గూర్చిన పుస్తకం, రెండూ వ్రాశారు. రెంటికీ గాంధీజీ ముందుమాట వ్రాసి, ఈయన మన గ్రామ పరిశ్రమల డాక్టరు అని ముచ్చటగా బిరుదిచ్చారు. మొదటి పుస్తకం చదివాక దైవశాస్త్ర డాక్టరు పట్టం కూడ తగిలించారు. ఏ సెనేటూ ఆమోదించని ఆ పట్టాలు నిలిచినవి.

శాశ్వత అర్థవ్యవస్థ అంటే ఏమిటి? ప్రకృతిలో జీవులు బ్రతికే తీరులను ఆయన ఐదు మెట్లుగా చెప్పారు. గొర్రెపిల్లను చంపి తినే పులిది మొదటి తీరు. తోటలో చొరబడి, తాను పెంచని పండ్లను తెంపుకుపోయే కోతిది రెండవది. తన గూడు తాను కట్టుకునే పక్షిది మూడవది. తనకొరకే కాక పట్టు అంతటి కొరకు తేనె కూర్చే తేనెటీగది నాలుగవది. ప్రతిఫలం కోరక పిల్లల నోట మేత పెట్టే తల్లి పక్షిది ఐదవది. మనుష్యుల వ్యాపారాలు, రాజ్యాలు, చివరకు దానధర్మాలు కూడ ఈ ఐదింటిలో ఎక్కడ నిలుస్తున్నవో చూచుకొమ్మన్నారు. మరొక భేదం కూడ చెప్పారు. నేలలోని బొగ్గు, నూనె, లోహాలు తొట్టిలో నిలిచిన నీరు వంటివి. వాడిన కొద్దీ తరిగిపోతవి, తరిగిన కొద్దీ వాటికొరకు జనాలు కొట్టుకుంటారు. చెట్టు, పంట, పశువు పారే వాగు వంటివి. నిదానంగా వాడుకుంటే ఏటేటా వస్తవి. 1945లో ఈ మాటలు వింతగా వినబడ్డవి. 1973లో షూమాకర్ అనే ఆర్థికవేత్త చిన్నదే సుందరమంటూ వ్రాసిన ప్రసిద్ధ గ్రంథంలో కుమారప్ప గారి మాటలను ఉదహరించారు. వాతావరణం మారిపోతున్నదని ప్రపంచమంతా కలవరపడే ఈ రోజుల్లో ఆ తొట్టి, ఆ వాగు చదివితే వింతగా ఉండవు. 2016లో ఆయన మీద వేణుమాధవ్ గోవిందు, దీపక్ మల్ఘాన్ గార్లు సమగ్రమైన జీవితచరిత్ర వెలువరించారు. ఇంగ్లీషు చదవగల మన యువకులు దానిని తప్పక చూడాలి.

స్వాతంత్ర్యం వచ్చాక కాంగ్రెసు వారు భూసంస్కరణల కమిటీకి ఆయనను అధ్యక్షునిగా వేశారు. 1949లో ఇచ్చిన నివేదికలో మధ్యవర్తులు పోవాలని, దున్నేవానికి భూమి దక్కాలని, భూమి మీద గరిష్ఠ పరిమితి ఉండాలని వ్రాశారు. మన ఆచార్య రంగా గారు కూడ ఆ కమిటీలో సభ్యులే, ఆయన కొన్ని విషయాల్లో భిన్నాభిప్రాయం నమోదు చేశారు. నివేదికలో ఎంత భాగం చట్టమయిందో, చట్టమైనదానిలో ఎంత భాగం మన పల్లెల్లో మన సంఘస్థుల చేతికి సెంటు భూమిగా వచ్చిందో, ఈ సంచిక చదివే ప్రతివారికి సొంత అనుభవమే.

దేశం పెద్ద ఆనకట్టలు, పెద్ద కర్మాగారాల దారి పట్టింది. ఆచార్యుడు మెల్లగా ప్రక్కకు తప్పుకున్నారు. రక్తపోటుతో ఆరోగ్యం చెడింది. చివరి ఏండ్లు మధురై ప్రాంతంలో టి. కల్లుపట్టి వద్ద గాంధీ నికేతన్ ఆశ్రమంలో ఒక చిన్న కుటీరంలో గడిపారు. 1960 జనవరి 30న, గాంధీజీ వర్ధంతి నాడే, మద్రాసులో ప్రభువునందు నిద్రించారు. జైపూరులో ఆయన పేరుతో గ్రామస్వరాజ్య సంస్థ ఒకటి వెలసింది.

కల్లుపట్టి కుటీరం గోడమీద రెండు పటాలు ఉండేవి. ఒకటి గాంధీజీది. రెండవది ఒక పేద పల్లెటూరి మనిషిది, మాసిన గుడ్డ, ఎండిన ముఖం. వినోబా భావే గారు చూడవచ్చినప్పుడు ఆ రెండవ పటం ఎవరిదని అడిగారు. మొదటివారు తన యజమాని అని, ఈయన ఆ యజమానికి యజమాని అని కుమారప్ప గారు చెప్పారు.